రొయ్యకు చెవులెక్కడివి అనేవారికి

కాలవ గట్టు మీద గాలం వేసి కూర్చున్న మనిషి పక్కన చేరి ఎంతసేపైనా కబుర్లు చెప్పండి, ఏమీ అనడు. అదే గట్టు మీద దబదబ అడుగులేసుకుంటూ వెళ్లండి, చెయ్యెత్తి కసురుకుంటాడు. చిన్నప్పుడు మా తాతయ్య నన్నలాగే కసిరేవాడు. "మాట్లాడితే మాట్లాడు గానీ నేల అదరగొట్టకురా" అనేవాడు. ఆయన బడికి వెళ్లినవాడు కాదు. కానీ ఆ మాటలో ఉన్నది నూటికి నూరుపాళ్లు భౌతికశాస్త్రం. గాలిలో పుట్టిన చప్పుడు నీటి మీద పడితే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. దాని శక్తిలో వెయ్యోవంతు మాత్రమే లోపలికి దిగుతుంది. అడుగు అదురు అలా కాదు. గట్టు మట్టిలోంచి కాలవ అడుగుకూ, అక్కడినుంచి నీటికీ నేరుగా పాకుతుంది. మన మాట చేపకు చేరదు, మన అడుగు చేరుతుంది.

మన భాషకు కూడా ఈ సంగతి తెలుసు. చీమ చిటుక్కుమన్నా వినేవాణ్ణి "పాముచెవులు" అంటాం. పాముకు బయటికి కనిపించే చెవులే లేవు. దవడ నేలకు ఆనించి అదురును పట్టుకుంటుంది. రాత్రిపూట పొలానికి వెళ్లే రైతు చేతికర్రతో నేలను తాటిస్తూ నడిచేది అందుకే. చెవి లేకపోయినా వినికిడి ఉంటుందని ఇంత సహజంగా ఒప్పుకున్న మనం, సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిని ఒడ్డునే వదిలేస్తున్నాం.

తీరంలో చమురు అన్వేషణ గురించో, ఓడరేవు నిర్మాణం గురించో, సముద్రంలో గాలిమరల గురించో చర్చ వచ్చినప్పుడు ఒక వాదం తప్పకుండా వినిపిస్తుంది. చదువుకున్నవాళ్లే చెబుతారు. "చప్పుడుతో ఇబ్బంది తిమింగలాలకూ డాల్ఫిన్లకూనండీ. వాటి కోసం జాగ్రత్తలు తీసుకుంటున్నాం. రొయ్యకు చెవులెక్కడివి? ఆల్చిప్పకు చెవులెక్కడివి? చేప అంటారా, దానికి ఈత వచ్చు, పక్కకు పోతుంది. నీటిలో శబ్దం పరిమితి దాటలేదని కొలిచి చూపిస్తున్నాం. ఒక్క చచ్చిన చేపైనా ఒడ్డుకు కొట్టుకొచ్చిందా?" వినడానికి నిండుగా ఉంటుంది. ఇందులో ఒక్కో మాటా తప్పే. కొన్ని తెలియక అనేవి, కొన్ని తెలుసుకోవడం ఇష్టంలేక అనేవి.

ముందు రొయ్య సంగతే చూద్దాం. రొయ్య తలమీద పెద్ద మీసాల పక్కన చిన్న మీసాలుంటాయి. వాటి మొదట్లో, ఒక్కోదానిలో ఒక చిన్న గుంట. అందులో సన్నటి రోమాలు, వాటిమీద ఇసుక రేణువులు. రొయ్య ఒరిగితే రేణువు ఒరుగుతుంది, రోమం వంగుతుంది, ఏది పైనో ఏది కిందో దానికి తెలుస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని స్టాటోసిస్ట్ అంటారు. పొర విడిచిన ప్రతిసారీ ఆ గుంట పొరా, లోపలి ఇసుకా పోతాయి. రొయ్య మళ్లీ కొత్త రేణువులు నింపుకుంటుంది. 1893లో వియన్నాలో అలోయిస్ క్రైడ్ల్ అనే శాస్త్రజ్ఞుడు పొర విడవబోయే రొయ్యలను ఇసుకకు బదులు ఇనుప రజను ఉన్న తొట్టిలో ఉంచాడు. అవి ఇనుమే నింపుకున్నాయి. తర్వాత ఆయన పైనుంచి అయస్కాంతం చూపిస్తే రొయ్య వెల్లకిలా తిరిగింది. రేణువు పైకి లాగేసరికి ఆకాశం కిందుందనుకుంది. ఇంత చిన్న అవయవంలో ఇంత పెద్ద నిజం దాగి ఉందని 130 ఏళ్ల కిందటే తేలింది. రేణువు ఒరిగితే ఒంపు తెలిసినట్టే, రేణువు అదిరితే అదురు తెలుస్తుంది. దీనికి తోడు రొయ్యకూ పీతకూ కాళ్లమీద, ఒంటిమీద కదలికను పసిగట్టే రోమాలు వేరే ఉన్నాయి. నేలమీద నిలబడి, నేలలో బొరియ తీసుకుని బతికే జీవికి కాలే చెవి.

చేపకైతే లోపలి చెవి ఉంది. కానీ అది మన చెవిలా పనిచేయదు. చేప ఒంటి సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే. అందుకే నీరు ఊగితే చేప కూడా నీటితోపాటే ఊగుతుంది. చెవిలో ఉండే సున్నపు రాయి మాత్రం బరువైంది, అంత తొందరగా కదలదు, వెనకబడుతుంది. ఆ వెనకబాటుకు రాయి కింది రోమాలు వంగుతాయి. అదే వినికిడి. అంటే చేప వినేది నీటి ఒత్తిడిలో హెచ్చుతగ్గులను కాదు, నీటి కణాల కదలికను. కడుపులో గాలితిత్తి ఉన్న చేపల్లో కొన్ని ఆ తిత్తి సాయంతో ఒత్తిడిని కూడా గ్రహిస్తాయి. గాలితిత్తి లేనివాటికి ఆ దారి లేదు. సొరకు లేదు, టేకు చేపకు లేదు. నేలకు బల్లపరుపుగా అంటుకుని ఉండే నాలుక చేపల్లాంటి వాటికి పెద్దయ్యాక ఉండదు. ఒడ్డు మీద మన గంపల్లోకి వచ్చే జాతుల్లో నేలను అంటిపెట్టుకుని బతికేవి ఎన్నో. వాటికి ప్రపంచం గురించి వార్త తెచ్చేది కదలిక మాత్రమే.

ఇప్పుడు "పరిమితి దాటలేదని కొలిచాం" అనే మాట దగ్గరికి రండి. వివాదానికంతటికీ ఇదే గుండెకాయ కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

దేనితో కొలిచారు? హైడ్రోఫోన్‌తో. అది నీటిలో వేలాడదీసే మైకు. అది కొలిచేది ఒత్తిడిని. కదలికను కొలవదు. నేల అదురును అసలే కొలవదు. జ్వరం చూడమంటే బరువు తూచి, బరువు బాగానే ఉంది కాబట్టి జ్వరం లేదన్నట్టుంది ఇది. దూరంగా, లోతైన నీటిలో అయితే ఒత్తిడిని బట్టి కదలికను లెక్కగట్టవచ్చు. తీరం దగ్గర తక్కువ లోతులో, నేలకు దగ్గరగా, చప్పుడు పుట్టిన చోటుకు సమీపంలో ఆ లెక్క కుదరదు. రొయ్యా పీతా గుల్లా ఉండేది సరిగ్గా అక్కడే.

రేవు కోసమో గాలిమర కోసమో సముద్రగర్భంలోకి పెద్ద ఉక్కు స్తంభాన్ని సుత్తితో దిగ్గొడితే ఏమవుతుందో ఆలోచించండి. స్తంభంలో కొంత నీటిలో ఉంటుంది, కొంత మట్టిలో ఉంటుంది. ప్రతి దెబ్బకూ కొంత శక్తి నీటిలోకి, కొంత నేరుగా నేలలోకి పోతుంది. నేలలోకి పోయిన దానిలో కొంత నేలకూ నీటికీ మధ్య ఉన్న హద్దును పట్టుకుని పాకే అలగా మారుతుంది. డచ్ భూభౌతిక శాస్త్రజ్ఞుడు స్కోల్టే 1947లో ఇలాంటి అలను గణితంతో వివరించాడు, దానికి ఆయన పేరే ఉండిపోయింది. ఆ అల నీటిలో చప్పుడులాగా సెకనుకు 1,500 మీటర్లు పరిగెత్తదు, చాలా నెమ్మదిగా సాగుతుంది. నాలుగు దిక్కులా గోళంలా విచ్చుకోకుండా కొలనులో అలలా తలం వెంట సాగుతుంది కాబట్టి, మెత్తటి బురద దాన్ని మింగేస్తే తప్ప, అంత త్వరగా పలచబడదు. నేలనుంచి పైకి పోయేకొద్దీ మాత్రం తొందరగా సన్నగిల్లుతుంది. అందువల్ల నీటి మధ్యలో వేలాడే మైకుకు అది సరిగ్గా అందదు. నేలమీద ఉన్న పీతకు పూర్తిగా అందుతుంది. కొలత సరిగ్గా ఉండి కూడా ఎలా అబద్ధం చెబుతుందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

నీటిలో చప్పుడు విషయంలో ప్రపంచంలోకెల్లా గట్టి నియమాలున్న దేశాల్లో జర్మనీ ఒకటి. స్తంభం దిగ్గొట్టే చోటుకు 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ చప్పుడు 160 డెసిబెళ్లు దాటకూడదని అక్కడ నిబంధన. పోర్‌పస్ అనే చిన్న డాల్ఫిన్ లాంటి జంతువును కాపాడటానికి పెట్టుకున్న మంచి నియమం అది. దాన్ని పాటించడానికి స్తంభం చుట్టూ నేలమీద గొట్టాలు పరిచి గాలిబుడగల తెర లేపుతారు. ఆ తెర నీటిలో చప్పుడును బాగా తగ్గిస్తుంది. కానీ నేలకింద బుడగలు లేవు. నేలలోంచి పోయే అదురు తెర కిందినుంచి దాటిపోతుంది. పోర్‌పస్‌కు ఉపశమనం, ఆల్చిప్పకు ఏమీ లేదు. అయినా కాగితం మీద పరిమితి పాటించినట్టే. ఆంథనీ హాకిన్స్, ఆర్థర్ పాపర్ లాంటి వాళ్లు జలజీవుల వినికిడి మీద దశాబ్దాలుగా పనిచేసినవారు. నేల అదురును కొలవకుండా జలజీవుల మీద ప్రభావాన్ని అంచనా వేయలేమని వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. 2021లో తమ సహచరులతో కలిసి అచ్చంగా ఈ అంశం మీదే ఒక సమగ్ర పత్రం ప్రచురించారు.

ఇక "చచ్చిన చేప ఏదీ?" అన్న ప్రశ్న. ఇది చాలా చెడ్డ ప్రశ్న. ఎందుకంటే ఇది హానికి ఒకే ఒక్క రూపాన్ని ఒప్పుకుంటుంది. ఆ రూపం కనిపించకపోతే తీర్పు ఇచ్చేస్తుంది.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా పరిశోధకులు చమురు సర్వేలో వాడే ఎయిర్‌గన్‌ను నిజమైన సముద్రంలో, స్కాలప్ అనే విసనకర్ర ఆకారపు ఆల్చిప్పల మీదుగా నడిపారు. ఎయిర్‌గన్ అంటే గట్టిగా కుక్కిన గాలిని ఒక్కసారిగా నీటిలోకి వదిలే పరికరం. దాని దెబ్బ సముద్రగర్భాన్ని తొలుచుకుని పోయి, లోపలి రాతి పొరల నుంచి తిరిగివస్తుంది. ఆ ప్రతిధ్వనిని బట్టి గ్యాసు ఎక్కడుందో పోల్చుకుంటారు. 2017లో వచ్చిన వాళ్ల పత్రం ప్రకారం ఆల్చిప్పలు అక్కడికక్కడ కుప్పలుగా చావలేదు. ఆ రోజే చూసి వెళ్లిపోయి ఉంటే "ప్రభావం లేదు" అని రాసి ఉండేవారు. వాళ్లు 120 రోజులు కనిపెట్టుకుని ఉన్నారు. దెబ్బలు తినని వాటికంటే తిన్నవాటిలో చావులు పెరిగాయి, ఎక్కువసార్లు తిన్నవాటిలో ఇంకా పెరిగాయి. వాటి రక్తంలో కణాలు తగ్గాయి. ప్రతిస్పందనలు గతి తప్పాయి. ఆ చావుల శాతం ప్రకృతిలో సహజంగా ఉండే హద్దును దాటలేదని కూడా వాళ్లే నిజాయితీగా రాశారు. దాన్ని నేను దాచను. కానీ నెలల తర్వాత చచ్చిన ఆల్చిప్ప ఒడ్డుకు కొట్టుకురాదు. అడుగునే నోరు తెరుచుకుని ఉండిపోతుంది. దాన్ని లెక్కపెట్టేవాడు ఎవడు?

అదే బృందం రాతిరొయ్యల మీద చేసిన పని నన్ను ఇంకా కలవరపెట్టింది. వెల్లకిలా పడేస్తే రాతిరొయ్య వెంటనే తిరగబడాలి. లేకపోతే ఏ ఆక్టోపస్సో దాన్ని ఎగరేసుకుపోతుంది. ఎయిర్‌గన్ దెబ్బ తిన్న రాతిరొయ్యలు తిరగబడటానికి ఎక్కువ సమయం తీసుకున్నాయి. కోసి చూస్తే స్టాటోసిస్ట్‌లో రోమాలు దెబ్బతిని ఉన్నాయి. ఏడాది గడిచినా ఆ దెబ్బ మానలేదు, పొర విడిచినా బాగుపడలేదు. క్రైడ్ల్ అయస్కాంతం తీసేస్తే రొయ్య మళ్లీ నిటారుగా నిలబడింది. వీటికి ఆ అవకాశం లేదు. మరో ప్రయోగంలో ఓడల చప్పుడు ఎక్కువగా ఉండే చోటునుంచి పట్టి తెచ్చిన రాతిరొయ్యలను పరీక్షిస్తే, ఎయిర్‌గన్ పేల్చకముందే వాటి రోమాలు దెబ్బతిని ఉన్నాయి. కొత్త దెబ్బకు అవి అదనంగా చెడలేదు, అప్పటికే చెడి ఉన్నాయి కాబట్టి. "అలవాటు పడిపోతాయి" అనేవాళ్లు ఈ ఒక్క ప్రయోగం గురించి కాసేపు ఆలోచించాలని నా కోరిక.

చావు లేని హాని ఇంకా ఉంది. ఇంగ్లండ్‌లో లూయిస్ రాబర్ట్స్ బృందం ఆల్చిప్పలను అదిరే నేలమీద ఉంచి చూసింది. అదురు తగలగానే అవి చిప్పలు మూసుకున్నాయి. స్తంభాలు దిగ్గొట్టే చోట, పేలుళ్లు జరిపే చోట కొలిచిన అదురు స్థాయిలు ఆ మూసుకునే స్థాయి పరిధిలోనే ఉన్నాయి. మూసుకుంటే మంచిదే కదా, కాపాడుకుంటోంది అనిపిస్తుంది. కానీ ఆల్చిప్ప తినేదీ ఊపిరి పీల్చేదీ తెరిచినప్పుడే. దినమంతా సుత్తి పడుతుంటే అది దినమంతా పస్తుంటుంది. 2016లో సౌతాంప్టన్ శాస్త్రజ్ఞుల ప్రయోగంలో ఓడ చప్పుడు, స్తంభం దెబ్బల చప్పుడు వినిపించినప్పుడు నార్వే లాబ్‌స్టర్ బురదను తవ్వి తిరగేసే పని తగ్గించేసింది. ఒక రకం గుల్ల కూడా బురదలోకి నీరు పంపే పని తగ్గించింది. సన్నటి చేతుల నక్షత్రజీవిలో మాత్రం పెద్ద మార్పు లేదు. బురదను కలియబెట్టే జీవి మనకు ఎందుకు ముఖ్యమో గోదావరి డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. పొలంలో వానపాము చేసే పనే సముద్రపు బురదలో ఈ జీవులు చేస్తాయి. అవి పని ఆపితే కిందికి గాలి దిగదు, పైకి పోషకాలు రావు.

"ఈదుకుంటూ పక్కకు పోతాయి" అన్న మాటకు జవాబు చిన్నది. గుల్ల పోలేదు. బొరియలో గుడ్లతో ఉన్న పీత పోదు.

"సముద్రంలో అలల హోరు లేదా, భూకంపాలు రావా" అనేవాళ్లున్నారు. ఉన్నాయి, వస్తాయి. ఆ హోరులో కోట్ల ఏళ్లుగా బతుకుతూ దానిలోంచి తమకు కావలసిన కబురు ఏరుకోవడం ఆ జీవులు నేర్చుకున్నాయి. శత్రువు అడుగు, ఆహారం కదలిక, జంట పిలుపు అన్నీ ఆ సన్నటి అదురులోనే ఉంటాయి. మడ అడవుల బురద మీద ఒక పెద్ద గిట్ట ఊపుతూ తిరిగే ఫిడ్లర్ పీతలను మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్ని జాతుల మగపీతలు గిట్ట ఊపడమే కాదు, నేలను అదిరిస్తూ ఆడపీతలను పిలుస్తాయి. ప్రతి 10, 15 సెకన్లకు ఒక దెబ్బ చొప్పున, రాత్రీ పగలూ, వారాల తరబడి పడే ఎయిర్‌గన్‌ను అలల హోరుతో పోల్చడం న్యాయం కాదు.

ఎదుటిపక్షానికి ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటేసి పోతే నా వాదం నిలవదు. అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పడం లేదు. ఆస్ట్రేలియాలోనే గిప్స్‌ల్యాండ్ దగ్గర ఒక నిజమైన సర్వే ముందూ తర్వాతా స్కాలప్‌లను పరిశీలిస్తే, సర్వే వల్ల చావులు పెరిగినట్టు తేలలేదు. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో సర్వేల వల్ల స్నో క్రాబ్ పట్టుబడి తగ్గలేదని మరో అధ్యయనం చెప్పింది. ఇవి మంచి అధ్యయనాలు. నేను వాటిని గౌరవిస్తాను. కానీ వాటినుంచి వచ్చే ముగింపు ఏమిటి? ఒక చోట హాని ఉంది, ఒక చోట కనిపించలేదు. జాతిని బట్టి, నేలను బట్టి, లోతును బట్టి, దూరాన్ని బట్టి మారుతోంది. అలాంటప్పుడు ప్రతి చోటా కొలవాలని తేలుతుంది. ఎక్కడా కొలవక్కర్లేదని తేలదు. పైగా ఆ అధ్యయనాలు చేసినవాళ్లు సముద్రంలోకి దిగి, ముందూ తర్వాతా లెక్కపెట్టి చెప్పారు. లెక్కపెట్టకుండానే "ఏమీ కాదు" అనేవాళ్లకు వాటి పేరెత్తే అర్హత లేదు.

మన దగ్గర పరిస్థితి చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లని చెబుతాయి. ఆ డెసిబెల్ మనిషి చెవికి తగ్గట్టు తూచినది. నీటి గురించి, నేల గురించి వాటిలో పరిమితి లేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ చమురు, గ్యాసు అన్వేషణను, సముద్రంలో జరిగేదాన్ని కూడా, బీ2 అనే వర్గంలోకి మార్చింది. ఆ వర్గంలోకి వస్తే పర్యావరణ ప్రభావ అధ్యయనం అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. కృష్ణా-గోదావరి బేసిన్ ఉన్న తీరంలో, దేశంలోకెల్లా ఎక్కువ రొయ్యలు పండించే రాష్ట్రంలో నివసించే మనకు ఇది దూరపు వార్త కాదు.

ఇక్కడ తప్పుగా అర్థం చేసుకోవద్దు. వేటలో రొయ్య తగ్గిందంటే కారణం ఇదొక్కటే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పడవలు పెరిగాయి, వలకన్ను చిన్నదైంది, మడ తగ్గింది, నదుల నీరు తగ్గింది. గ్యాసు వద్దనో, రేవు వద్దనో కూడా నేను అనడం లేదు. నా అభ్యంతరం ఒక్కదాని మీదే. తెలుసుకోకముందే "హాని లేదు" అని తేల్చేసే అలవాటు మీద.

ఎందుకంటే మత్స్యకారుడి విషయంలో మనం ఇలా ప్రవర్తించడం లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేట ఆపమంటాం. అతను ఆపుతున్నాడు. "నా వలవల్ల ఏ గుడ్డు చితికిందో చూపించండి, అప్పుడు ఆపుతాను" అని అతను అడగలేదు. అడిగి ఉంటే మనం ఒప్పుకునేవాళ్లమా? జాగ్రత్త కోసం రెండు నెలల కూడు వదులుకోమని పేదవాడికి చెప్పగలిగిన ప్రభుత్వం, అదే జాగ్రత్త కోసం సుత్తినీ ఎయిర్‌గన్‌నూ ఆ 61 రోజులు ఆపమని చెప్పాలి. మిగతా పది నెలల్లో పని మొదలయ్యే ముందు ఒకసారి, జరుగుతుండగా ఒకసారి, అయిపోయాక కొన్ని నెలలపాటు నేల అదురునూ, ఆ నేలమీది జీవాలనూ లెక్కించమని అడగాలి. లెక్కలు ఊరి భాషలో, రేవులో గోడమీద అతికించాలి.

దీనికి పరికరాలు లేవని మాత్రం ఎవరూ అనకండి. సముద్రగర్భ సర్వేల్లో చమురు పరిశ్రమే నేలమీద చిన్న పెట్టెలను వరసగా పరుస్తుంది. రాతి పొరల నుంచి తిరిగి వచ్చే అదురును పట్టుకునేది ఆ పెట్టెలే. ఒక్కో పెట్టెలో నీటి ఒత్తిడిని కొలిచే హైడ్రోఫోన్ ఒకటి, నేల కదలికను మూడు దిశల్లో కొలిచే జియోఫోన్లు మూడు ఉంటాయి. గ్యాసు కోసం కొలిచిన ఆ మూడు కదలికల లెక్కను గుల్లల కోసం కూడా బయటపెట్టమని అడగండి.